నాలుగు వేళ్ళ ఎడం

ఖాదర్ సాయిబు కాగితాల కట్ట తెచ్చి అక్షరాల గళ్ళుండే చెక్క కేసు మీద పెట్టి, గాలికి ఎగరకుండా పైన ఒక సీసపు దిమ్మె ఉంచాడు.

"గుండ్లవంక భజన పుస్తకం. మీ ఊరిదే బేటా. తిరునాళకు అందాల. కాపీలో ఎట్లుంటే అట్ల పెట్టు," అన్నాడు.

ఓబులేసుకు ఆ చివరి మాట చెప్పనక్కర లేదు. కాపీలో, అంటే అచ్చుకిచ్చిన చేతిరాతలో, ఎట్లా ఉంటే అట్లా పెట్టడం తప్ప ఖాదర్ సాయిబు వాడికి ఇంకేమీ నేర్పలేదు. తప్పుంటే తప్పుతో సహా, కొట్టివేత ఉంటే ఎందుకు కొట్టేశారో అడిగి మరీ పెట్టే మనిషి ఆయన. కడపలోని ఆ చిన్న అచ్చాఫీసుకు పెళ్ళి పత్రికలు, నాటకాల కరపత్రాలు, కోర్టు నోటీసులు వచ్చేవి. పాటల పుస్తకం రావడమే అపురూపం. అందులోనూ తను పుట్టి పెరిగిన ఊరి పాటలు సీసంలో పేర్చే రోజు వస్తుందని ఓబులేసు కలలో కూడా అనుకోలేదు.

ఎడమచేతిలో వరస పేర్చే ఇనప స్టిక్కు పట్టుకుని, కుడిచేత్తో అక్షరాలు ఏరడం మొదలుపెట్టాడు. వాడి వేళ్ళకు గళ్ళు కంఠతా వచ్చు. కన్ను కాపీ మీద, వేలు గడిలో, బొటనవేలు స్టిక్కులోని వరసను అదిమిపట్టి. కాపీ రాసింది గుండ్లవంకలో ఉండి చనిపోయిన నారాయణ పంతులు. పాట పాటకూ ఒకటే పద్ధతి. ఒక వరస కాగితం అంచు నుంచి మొదలవుతుంది. దాని కింది వరస నాలుగు వేళ్ళ ఎడం వదిలి, లోపలికి జరిగి మొదలవుతుంది.

గడప దాకా వచ్చినాడు, గంట కొట్టరే
        గడప బయట మేముంటిమి, గుర్తుందా సామీ

ఆ లోపలి వరస ఎవరిదో కాగితంలో ఎక్కడా రాసిలేదు. రాయనక్కర లేదు, గుండ్లవంకలో నడక రాని బిడ్డకు కూడా తెలుసు. తిరునాళ రోజు చెన్నరాయస్వామి పల్లకీ మండపం దిగి సింహద్వారం వైపు వస్తుంది. లోపల రెడ్లూ మిగతా కాపుదనం వాళ్ళూ భజన కట్టి ఒక వరస పాడి ఆగుతారు. పల్లకీ కూడా ఆగుతుంది. ద్వారం బయట, మెట్ల కింద నిలబడిన మాలవాడ దాసర్లు జవాబు వరస పాడతారు. ఆ జవాబు పూర్తయితేనే పల్లకీ ఒక అడుగు ముందుకు వేస్తుంది. అట్లా పాటకు పాట, అడుగుకు అడుగు. ఓబులేసు తండ్రి ఉన్నన్నాళ్ళూ ఆయన ఎత్తుకునేవాడు జవాబు. ఆయన పోయాక వాడి తల్లి సిద్దమ్మ ఎత్తుకుంటోంది. ఏడాదిలో ఆ ఒక్క సాయంత్రం దేవుడు వాళ్ళ కోసం ఆగుతాడు. మిగతా రోజుల్లో ఎవరికోసం ఆగుతాడో వాళ్ళకు తెలియదు.

వరసను లోపలికి నెట్టాలంటే ముందు క్వాడ్లు పెట్టాలి. క్వాడ్లంటే అక్షరం లేని మొండి సీసపు ముక్కలు. అక్షరాల కంటే పొట్టివి కాబట్టి వాటికి సిరా అంటదు, కాగితం మీద తెల్లగా చోటు మిగులుతుంది, అంతే. ఓబులేసు నాలుగు ముక్కలు పెట్టి, వాటి పక్కన తన తల్లి వరసను పేర్చాడు. పేర్చి చూసుకున్నాడు. రెడ్ల వరస అంచున దర్జాగా నిలబడి ఉంది. అమ్మ వరస నాలుగు దిమ్మెల అవతల, తోసేసినట్టు, దూరంగా ఉంది. ఊళ్ళో సరే. గుడి దగ్గరా సరే. ఇక్కడ, తన చేతిలోని సీసంలో కూడానా అని మండింది వాడికి.

ఆ మంటకు సాకు ఒకటి దొరికింది. పుస్తకం జేబులో పట్టేంత చిన్నది. లోపలికి నెట్టిన వరసలు కొలతలో పట్టక, ఒక్కో మాట తెగి కింది వరసకు దిగుతోంది. యజమాని రామలింగప్ప, పేర్చిన వరసలుండే పళ్ళెం, గ్యాలీ మీదికి వంగి చూసి నాలుక చప్పరించాడు.

"ఇట్ల పోతే ఇంకో ఫారం పెరుగుతాదే. కాగితం యాడ దొరుకుతాండాదప్పా?"

"ఈ వరసలు గూడా అంచుకు జరిపితే అన్నీ పడతాయయ్యా," అన్నాడు ఓబులేసు.

"జరుపు మరి."

"కాపీలో అట్ల లేదు," అన్నాడు ఖాదర్ సాయిబు వెనకనుంచి.

"కాపీ ఏమన్నా ఖురానా సాయిబూ? అక్షరం మారలేదు గదా. ఖాళీయే గదా తీసేది," అని నవ్వి రామలింగప్ప వెళ్ళిపోయాడు.

ఓబులేసు చిమటా అనే సన్నని పట్టకారుతో ఒక్కొక్క క్వాడూ పీకి పక్కన పడేశాడు. పీకినకొద్దీ అమ్మ వరసలు జరజరా జరిగి రెడ్ల వరసల కింద, సరిగ్గా ఒకే అంచున వచ్చి నిలబడ్డాయి. అవే అక్షరాలు, అదే ఎత్తు. ఏది ఎవరిదో కొత్తవాడు చెప్పలేడు. వాడికి ఆ పొద్దు అన్నం కూడా గుర్తు రాలేదు. చేసిన పని ఎవరితోనూ చెప్పుకోలేని సంతోషం ఒకటుంటుంది చూడండి, అది ఒంటినిండా పట్టి ఉంది.

ప్రూఫు చూడటానికి గుడి కమిటీ పెద్ద బాలకొండారెడ్డి స్వయంగా వచ్చాడు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఖద్దరు చొక్కా, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. వేలు పెట్టుకుని వరస వరసా దిగుతూ ఒకచోట ఆగాడు. మళ్ళీ పైకి పోయి మొదటినుంచి దిగాడు.

"ఈ వరసలు లోపలికి ఉండల్ల గదా?"

ఓబులేసు చేతిలోని స్టిక్కు కింద పెట్టాడు. "కొలత చాలలేదు రెడ్డీ. అంచుకు జరిపినా."

రెడ్డి కిటికీలోంచి వీధిలోకి చూశాడు. తర్వాత ప్రూఫు చేతిలోకి తీసుకుని దూరంగా పట్టుకుని మళ్ళీ చూశాడు.

"నువ్వు సిద్దమ్మ కొడుకువు గదూ? బాగ చేసినావురా. ఇట్లే ఉండనీ," అని సంతకం పెట్టాడు.

అంటరానితనం నేరమని చట్టం వచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. ఆ చట్టం ఢిల్లీలో బయలుదేరి గుండ్లవంక దాకా ఎట్లా నడిచి వస్తుందా అని మాలవాడ కుర్రాళ్ళు ఎకసెక్కాలాడుకునేవాళ్ళు. ఓబులేసు ఆ సాయంత్రం సైకిలు తొక్కుతూ, అది నిజంగానే వచ్చిందనీ, బాలకొండారెడ్డి నోట్లోంచి వచ్చిందనీ అనుకున్నాడు. పిచ్చివాడు.

*

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వంకలో ఇసుక తప్ప ఏమీ లేదు. సిద్దమ్మ రెడ్ల ఇంటి విత్తనపు శెనక్కాయలు కూలికి ఒలుస్తూ గుడిసె ముందు కూర్చుని ఉంది. ఒలిచి ఒలిచి ఆమె బొటనవేళ్ళ కొసలు చీలి ఉన్నాయి. ఓబులేసు చొక్కాలోంచి, సిరా ఎక్కువై పనికిరాదని పక్కన పడేసిన ఒక అచ్చు కాగితం తీసి ఆమె ముందు పరిచాడు.

"ఏంది నాయనా అది?"

"మన తిరునాళ పాటమ్మా. అచ్చులో."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని కాగితాన్ని ముట్టుకుంది. అక్షరాల మీద వేలు ఆనించకుండా పైన గాలిలో తిప్పింది. "నాది యాడుండాది దీంట్లో?"

వాడు చూపించాడు. "ఇదిగో వాళ్ళది. దాని కిందనే ఇదిగో నీది. పంతులు నిన్ను ఇంత దూరం నెట్టి రాసినాడు. నేను తెచ్చి పక్కన నిలబెట్టినా. చూడు, ఒక్క గీత గీసినట్టు ఉండాయి గదా?"

సిద్దమ్మ చాలాసేపు చూసింది. ఆమెకు రెండు వరసలూ ఒకే రకంగా నల్లగా కనబడ్డాయి. కొడుకు మొహంలో వెలుగు చూసి ఆమెకూ నవ్వొచ్చింది.

"శానా బాగుండాది. అయితే మరి, వాళ్ళకు ఆడ ఆగాలని ఎట్ల తెలుస్తాది?"

"వాళ్ళకు తెల్దామ్మా? తాతల కాడ్నించీ పాడతానే ఉండారు."

"అదీ నిజమేలే," అంది సిద్దమ్మ. కాగితాన్ని మడత పడకుండా చుట్టి, చూరులో జేగంట పక్కన దోపింది. ఆ జేగంట ఏడాదికోసారే దిగుతుంది. ఈసారి చింతపండు పెట్టి తోముతానని అంది.

*

తిరునాళ నాడు పొద్దు వాలుతుండగా మాలవాడ అంతా మెట్ల కింద చేరింది. సిద్దమ్మ ఉతికిన చీర కట్టుకుని అందరికంటే ముందు నిలబడింది. చేతిలో జేగంట తళతళలాడుతోంది. పక్కన ఆమె మరిది నరసన్న శంఖం పట్టుకుని ఉన్నాడు. ఓబులేసు వాళ్ళ వెనక, సంతోషం ఆపుకోలేక అటూ ఇటూ కదులుతున్నాడు.

లోపల భజన వాళ్ళ చేతుల్లో కొత్త పుస్తకాలు కనబడ్డాయి. పసుపు అట్ట, మీద శంఖచక్రాలు. ఈసారి కొత్తవాళ్ళే ఎక్కువ. కడపలో, తిరుపతిలో హాస్టళ్ళలో ఉండి చదివే రెడ్ల పిల్లలు. వాళ్ళకు పాట చెవితో రాలేదు, పుస్తకంతో వచ్చింది. పాతవాళ్ళలో మద్దెల శేషన్న ఒక్కడే మిగిలాడు. ఆయనకు పళ్ళు లేవు, పాట ఉంది.

పల్లకీ లేచింది. తాళాలు మోగాయి.

"గడప దాకా వచ్చినాడు, గంట కొట్టరే..."

శేషన్న అలవాటుగా మద్దెల మీద అరచెయ్యి వేసి చప్పుడు ఆపాడు. బయట సిద్దమ్మ జేగంట మీద కొట్టి, నోరు తెరిచింది. ఆమె మొదటి మాట బయటికి రాకముందే లోపలి కుర్రాళ్ళు ఊపు ఆపకుండా కింది వరస అందుకున్నారు.

"గడప బయట మేముంటిమి, గుర్తుందా సామీ..."

గడప లోపల నిలబడి, పట్టు పంచెలు కట్టుకుని, పుస్తకంలోకి చూస్తూ పాడారు ఆ మాట. సిద్దమ్మ గొంతు వాళ్ళ గొంతుల కింద పడి నలిగింది. ఆమె పాట మధ్యలో ఆగి, పొరపాటు తనదేమో అన్నట్టు నరసన్న వైపు చూసింది. శేషన్న కూడా తికమకపడి, పక్కవాడి భుజం మీదుగా పుస్తకంలోకి తొంగి చూసి, తల ఊపి, మళ్ళీ మద్దెల అందుకున్నాడు. పల్లకీ ఆగలేదు.

రెండో పాటకు ఆమె ముందే సిద్ధపడి గట్టిగా ఎత్తుకుంది. "ఎండిన మా చేలు చూడ ఎప్పుడొస్తావో" అన్నది ఆమె వరస. లోపలివాళ్ళూ అదే వరస పాడుతున్నారు. రెండు గొంతులూ కలవక రసాభాస అయింది. ద్వారం దగ్గర కర్ర పట్టుకున్న మనిషి వెనక్కి తిరిగి, "ఏయ్, ఎవురది నడమ? గమ్మునుండండి," అన్నాడు. ఆమె గమ్మునయింది. చెన్నరాయస్వామి గడప దాటి, మెట్లు దిగి, వాళ్ళ పక్కనుంచే పోయాడు. పల్లకీ గుడ్డ సిద్దమ్మ భుజానికి తగిలేంత దగ్గర. ఎక్కడా ఆగలేదు.

నరసన్న శంఖం చంకలో పెట్టుకుని బాలకొండారెడ్డి దగ్గరకు పోయాడు.

"రెడ్డీ, జవాబు కాకుండానే సామిని కదిలించినారే."

"ఏం జవాబు నరసన్నా?" రెడ్డి మామూలుగానే అడిగాడు.

"కింది వరస మాది గదా."

రెడ్డి పుస్తకం తెరిచి ఆయన మొహం ముందు పట్టుకున్నాడు. "మీది, మాది అని దీంట్లో యాడుండాదప్పా? అన్ని వరసలూ ఒక్క అంచునే ఉండాయి. పాట ఒకటే, పాడేదీ ఒకటే. లోపలోళ్ళు, బయటోళ్ళు అని తేడా పెట్టగూడదని చట్టం గూడా చెప్తాండాదే. మనం మళ్ళా తేడాలు పెడితే ఎట్ల?"

"తేడా లేకుంటే మేమూ లోపలికొచ్చి పాడతాం," అన్నాడు వెనకనుంచి ఒక కుర్రవాడు.

మెట్ల మీద నిలబడిన రెడ్ల మనుషులు ఒకరి పక్కకు ఒకరు జరిగి ద్వారం నిండా నిలబడ్డారు.

"దానికింకా టైముండాది," అన్నాడు రెడ్డి. "అయినా నామీద అలగడం దేనికి? అచ్చు వేసింది మీ పిల్లోడే. రే ఓబులేసా, ఇట్ల రా. చదివి చెప్పు మీ చిన్నాయనకు. మీది అని వేరే ఉండాదా ఈడ?"

ఓబులేసు పుస్తకం తీసుకున్నాడు. తను పేర్చిన వరసలు. తప్పు ఒక్కటి లేదు. ఎంత సొంపుగా ఉందో పేజీ. మనుషులను వేరు చేసిన చోటు అని తను పీకిపారేసిందే, అమ్మ నిలబడే చోటు. అది పీకేశాక ఆమెకు ఈ పాటలో కాలు మోపడానికి జాగా లేదు. కాగితం కాలిపోయినా బాగుండేదనిపించింది వాడికి.

"కాపీలో ఎడం ఉన్నింది రెడ్డీ," అన్నాడు.

"ఉన్నిందా? మరి తీసింది ఎవురు?"

"నేనే."

"తీయమని నేను చెప్పినానా?"

"లేదు."

మాలవాడ అంతా విన్నది ఆ మాట. సిద్దమ్మ కొడుకు వైపు చూసింది. కోపంగా చూసినా వాడు తట్టుకునేవాడే. ఆమె చూపులో కోపం లేదు. అర్థం కాని లెక్కేదో అప్పుడే అర్థమవుతున్నట్టు చూసింది. తర్వాత జేగంట చప్పుడు కాకుండా కొంగులో చుట్టుకుని ఇంటి దారి పట్టింది. ఒకరి వెనక ఒకరు అందరూ కదిలారు. తనను ఎవరైనా తిడితే బాగుండునని వాడు చివరిదాకా నిలబడ్డాడు.

*

సెలవు గడిచి అచ్చాఫీసుకు పోయేసరికి రామలింగప్ప మొహం విప్పారి ఉంది.

"ఓబులేసా, నీ చెయ్యి శానా మంచిదప్పా. ఎర్రబండ కమిటీవోళ్ళు పొద్దున్నే వచ్చినారు. బాలకొండారెడ్డి చెప్పినాడంట. గుండ్లవంక పుస్తకం మాదిరే కావాలంటాండారు, అచ్చం అట్లనే. వైశాఖ పున్నమి తిరునాళకు."

కాపీ కేసు మీద ఉంది. వేరే చేతిరాత, వేరే పాటలు. ఎర్రబండలో గుడి వేరు, దేవుడు వేరు. పద్ధతి ఒకటే. ఒక వరస అంచున, ఒక వరస లోపలికి. ఇక్కడ ఎడం ఇంకా ఎక్కువ ఉంది. గుడి మెట్ల కింద నిలబడి, ఏడాదికోసారి పాడే మనిషి ఆ ఊళ్ళోనూ ఉంది.

ఓబులేసు స్టిక్కు తీసుకున్నాడు. మొదటి వరస పేర్చాడు. రెండో వరసకు ముందు క్వాడ్లు పెట్టాడు. ఒక్కొక్కటి పెట్టి బొటనవేలితో అదిమాడు. పేజీ పూర్తయ్యేదాకా తల ఎత్తలేదు. రామలింగప్ప వచ్చి గ్యాలీ చూసి కనుబొమలు ముడిచాడు.

"ఇదేంది?"

"కాపీలో ఇట్లే ఉండాదయ్యా."

"కాపీ సంగతి ఎవురడిగినారు? నీ పద్ధతే కావాలని వచ్చినారు వాళ్ళు. తీసెయ్ ఆ ఖాళీలు."

"అవి ఖాళీలు కాదయ్యా."

రామలింగప్ప కోపిష్టి కాదు. వ్యాపారస్థుడు. వాడి మొహంలోకి ఒకసారి చూసి, విషయం తనకు తెలిసిందో తెలియలేదో బయటపడకుండా, "నీకు చేత కాకపోతే చెప్పు. ఖాదర్ సాయిబు తీస్తాడు. రేపట్నించి నీ కేసు కాడ గూడా ఆయన్నే నిలబెడతా," అని తన గదిలోకి పోయాడు.

ఖాదర్ సాయిబు చాలాసేపు సిరా పలక తుడుస్తూ ఉండిపోయాడు. ఆయన కళ్ళకు పొర కమ్ముతోంది, వేళ్ళు వణుకుతున్నాయి. అది కప్పిపుచ్చుకోవడానికి ప్రూఫులు ఓబులేసు చేతనే చదివిస్తున్న సంగతి యజమానికి తెలియదు.

"తీసెయ్ బేటా," అన్నాడు చివరికి, వాడి వైపు చూడకుండా. "నువ్వు తీయకపోతే నేను తీయాల. ఇన్నేండ్లుగా కాపీ తప్పింది లేదు నేను. ఈ వయసులో నా చేత తీయించొద్దు."

ఓబులేసు చిమటా తీసుకున్నాడు. ఈసారి క్వాడ్లు తేలిగ్గా రాలేదు, వాడే గట్టిగా బిగించాడు మరి. ఒక్కొక్కటీ పీకి గడిలో వేస్తుంటే టక్కు టక్కుమని చప్పుడయింది. వరసలు జరిగి అంచుకు చేరాయి. వాడు తన చేతుల్నే అసహ్యంగా చూసుకున్నాడు.

*

పొద్దు ఉండగానే ఇల్లు చేరాడు. సిద్దమ్మ అదే చోట, అదే చాటతో శెనక్కాయలు ఒలుస్తోంది. తిరునాళ నుంచి ఇంట్లో మాటలు తక్కువయ్యాయి. తిన్నావా, తిన్నాను, అంతవరకే. వాడు ఎదురుగా కూర్చుని పిడికెడు కాయలు తీసుకుని ఒలవసాగాడు. సీసం అలవాటైన వేళ్ళకు ఆ పొట్టు కరుకుగా తగిలింది.

"ఈ పొద్దు ఏం అచ్చు కొట్టినారు?" అంది సిద్దమ్మ, చాటలోకి చూస్తూనే.

వాడు అబద్ధం చెబుదామనుకున్నాడు. పెళ్ళి పత్రిక అంటే సరిపోయేది.

"ఎర్రబండోళ్ళ పాటలమ్మా."

ఆమె చేతులు ఆగాయి. "వాళ్ళకు గూడా బయట జవాబు ఉన్నెనే. మీ నాయన ఒకసారి పిల్చుకోని పోయి వినిపించినాడు నాకు. మన మాదిరే."

"ఊఁ."

"అది గూడా అంచుకు జరిపినావా?"

"జరిపించినారమ్మా," అన్నాడు. అని, తల దించుకుని, "జరిపినా," అన్నాడు.

సిద్దమ్మ ఒలిచిన గింజలు ఒక పక్కకు తోసి, పొట్టు చెరిగి, గాలికి వదిలింది. పొట్టు ఎగిరి వాకిలి దాటి పోయేదాకా అటే చూసింది. ఉద్యోగం మానమని అంటుందేమోనని వాడు ఎదురుచూశాడు. ఆమె ఆ మాట అనలేదు. ఇంట్లో రేపటి గింజలు వాడి జీతం మీదే వస్తాయని ఆమెకు వాడికంటే బాగా తెలుసు.

"ఆ ఊర్లో జవాబు ఎత్తుకునే ఆమె ఎవురో తెలుసునా నీకు?"

"తెల్దమ్మా."

"కనుక్కో. పోయి చెప్పిరా," అంది.

"ఏమని చెప్పేదమ్మా?"

"అచ్చులో నీకు చోటు తీసేసినారు, తీసింది నేనే అని చెప్పు. ఆయమ్మ చీర ఉతుక్కోని, గంట తోముకోని, గడప కాడికి పోయి నోరు తెరిచినాంక తెలిసేది బాగుండదురా. పోతాదో మానుకుంటాదో ఆయమ్మ ఇష్టం. ముందు తెలియల్ల గదా." చీలిన బొటనవేలు నోట్లో పెట్టుకుని ఒక క్షణం ఆగింది. "నాకు ఎవురూ చెప్పలే."

ఓబులేసు ఒళ్ళో ఉన్న గింజలు చాటలో పోసి లేచాడు. సైకిలు ఇంకా గోడకు ఆనించే ఉంది. ఎర్రబండకు దారి వంక దగ్గర చీలుతుంది. వాడు సైకిలెక్కి వీధి మలుపు తిరిగేదాకా వెనక కాయలు ఒలిచే చప్పుడు వినబడలేదు.